కరెంటు పోతే సర్వర్ దానంతటదే ఆగాలి, వస్తే దానంతటదే లేవాలి: యూపీఎస్‌ని ఇలా అమర్చుకోండి

మొదటిసారి యూపీఎస్ పెట్టినప్పుడు నేను సగం పనే చేశాను. ఆ సంగతి తెలియడానికి ఓ రాత్రి పట్టింది. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. యూపీఎస్ అందుకుంది. బ్యాటరీ అడుగంటుతోందని సర్వర్‌కి కబురు అందింది. అది డేటాబేస్‌ని మూసి, డిస్కుల్ని వదిలి, పద్ధతిగా ఆగిపోయింది. అది ఆగుతున్న ఆ అర నిమిషంలోనే కరెంటు తిరిగొచ్చింది. పొద్దున వెళ్లి చూస్తే యూపీఎస్ మీద పచ్చలైటు వెలుగుతోంది, నెట్‌వర్క్ స్విచ్ మీద లైట్లన్నీ చకచకా మెరుస్తున్నాయి, సర్వర్ ఒక్కటే చల్లగా, నల్లగా పడుంది. ఆరు గంటలుగా కరెంటు నిండుగా ఉన్నా లేవలేదు.

అసలు ఎందుకు లేవాలి? దాని లెక్కలో కరెంటు ఎప్పుడూ పోలేదు. యూపీఎస్ క్షణం కూడా సరఫరా ఆపలేదు. ఎవరో షట్‌డౌన్ చేయమన్నారు, చేసింది. మళ్లీ ఆన్ చేయమని ఎవరూ చెప్పలేదు. ఆపడం సులువే, లేపడమే అసలు పని. అందుకే ఈ రాతలో ఎక్కువ భాగం ఆ రెండో సగానికే పోతుంది. ఉదాహరణలు లైనక్స్ మీద, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చెబుతున్నాను. దాన్ని అందరూ నట్ అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

ముందు లోడు, బ్యాకప్ లెక్క

యూపీఎస్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది వీఏ (వోల్ట్-ఆంపియర్లు). మీకు కావాల్సింది వాట్లు. 1000 వీఏ అని ఉన్న యూపీఎస్ 600 వాట్లే మోయగలిగేది కావచ్చు. ఆ రెండో అంకె వెనకవైపు స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో చిన్నగా ఉంటుంది. సర్వర్, స్టోరేజ్ (డిస్కులుండే పెట్టె), నెట్‌వర్క్ స్విచ్, రౌటర్ అన్నీ కలిపి అందులో సగానికి మించకుండా చూసుకుంటే మీకు ఊపిరి ఆడుతుంది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది స్విచ్ విషయంలో. సర్వర్లన్నీ యూపీఎస్ మీద ఉంటాయి, వాటికి కబురు మోసే నెట్‌వర్క్ స్విచ్ మాత్రం మామూలు గోడ సాకెట్‌లో ఉంటుంది. కరెంటు పోయిన మరుక్షణం స్విచ్ ఆరిపోతుంది, మిగతా సర్వర్లకు సంగతి చేరదు. స్విచ్, రౌటర్ రెండూ యూపీఎస్ మీదే ఉండాలి. లేజర్ ప్రింటర్ మాత్రం పొరపాటున కూడా వద్దు. అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

బ్యాకప్ ఎన్ని నిమిషాలు వస్తుందన్నది యూపీఎస్ తెర మీద చూసి నమ్మకండి, కొలవండి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఓ గుణం ఉంది: లోడు రెట్టింపైతే బ్యాకప్ సగానికి కాదు, సగం కన్నా కిందికి పడిపోతుంది. పైగా బ్యాటరీ పాతబడేకొద్దీ తెర మీది అంకెకీ నిజానికీ దూరం పెరుగుతుంది. 22 నిమిషాలని చూపిస్తూ ఉండి, 9 నిమిషాల దగ్గర ఉన్నట్టుండి 2కి దూకిన యూపీఎస్‌ని నేను కళ్లారా చూశాను.

కొనే ముందైతే ఇంకో మాట. ఇప్పటి సర్వర్ల పవర్ సప్లైలలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే, కరెంటుని సమంగా లాగే సర్క్యూటు ఉంటుంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు మెట్లు మెట్లుగా కరెంటిచ్చే చవక యూపీఎస్‌లతో వాటిలో కొన్నిటికి పడదు. మారే క్షణంలోనే సర్వర్ ఠక్కున ఆరిపోవచ్చు. ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటులాంటి నునుపైన అల) అని ఉన్నదే తీసుకోండి.

డేటా కేబుల్: యూపీఎస్‌కి నోరు ఇచ్చేది ఇదే

పవర్ కేబుల్ మాత్రమే ఉంటే యూపీఎస్ మూగది. బీప్ బీప్ అని అరుస్తుంది తప్ప సర్వర్‌కి ఏమీ చెప్పలేదు. పెట్టెలో యూఎస్‌బీ కేబుల్ వచ్చి ఉంటుంది, అదే వాడండి. కొన్ని మోడళ్లలో యూపీఎస్ వైపు సాకెట్ అచ్చం నెట్‌వర్క్ పోర్టులా కనిపిస్తుంది, కానీ అది యూఎస్‌బీ కేబుల్‌కి రెండో చివర పెట్టే చోటు. అందులో నెట్‌వర్క్ కేబుల్ దూర్చకండి. సీరియల్ పోర్టు ఉన్న పాత మోడళ్లతో ఇంకాస్త జాగ్రత్త: చేతికందిన మామూలు సీరియల్ కేబుల్ తగిలిస్తే, పిన్నుల అమరిక వేరు కావడం వల్ల కొన్ని యూపీఎస్‌లు అక్కడికక్కడే ఆఫ్ అయిపోతాయి. కంపెనీ ఇచ్చిన కేబులే వాడాలి.

ఒకే సర్వర్‌లో వర్చువల్ మెషీన్లు (సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లు) నడిపేవాళ్లయితే ఈ యూఎస్‌బీ కేబుల్‌ని ఏదో ఒక వర్చువల్ మెషీన్‌కి అప్పగించాలనే ఆలోచన వస్తుంది. వద్దు. హోస్ట్‌ని, అంటే వాటిని మోసే అసలు సర్వర్‌ని, ఆపాల్సిన పెద్దమనిషి హోస్ట్ కన్నా ముందే ఆగిపోతే, చివర్లో యూపీఎస్‌కి మాట చెప్పేదెవరు? నట్ హోస్ట్ మీదే ఉండాలి.

మీ సర్వర్ ఆగడానికి ఎంతసేపు పడుతుంది?

ఈ ప్రశ్నకి జవాబు తెలియకుండా ఏ సెట్టింగూ ముట్టుకోకండి. పనిలేని వేళ చూసుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, షట్‌డౌన్ కమాండ్ ఇవ్వండి. ఫ్యాన్ల చప్పుడు ఆగేదాకా లెక్కపెట్టండి. రెండు మూడుసార్లు చేయండి, వచ్చినవాటిలో పెద్ద అంకె పట్టుకోండి. నాకు తెలిసిన ఓ మామూలు సెటప్‌లో వర్చువల్ మెషీన్లు ఆగడానికి 2 నిమిషాల 40 సెకన్లు, హోస్ట్‌కి 50 సెకన్లు, వాటి తర్వాత ఆగాల్సిన స్టోరేజ్‌కి ఇంకో నిమిషంన్నర పట్టింది. మొత్తం 5 నిమిషాలు. కరెంటు పోయిన రోజు అంతా ఒకేసారి డిస్కుల మీద పడతారు కాబట్టి దాన్ని రెట్టింపు చేసి 10 అనుకోండి.

కొలిచేటప్పుడే లోపలి గడువులు కూడా చూసుకోవాలి. లైనక్స్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డీ, ఏ సర్వీస్‌కైనా ఆగడానికి మామూలుగా 90 సెకన్లు ఇస్తుంది, అప్పటికీ ఆగకపోతే బలవంతంగా చంపేస్తుంది. ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ ఇంకా తొందరమనిషి. కంటైనర్‌కి 10 సెకన్లే ఇస్తుంది. ఆ కంటైనర్‌లో డేటాబేస్ ఉంటే, బ్యాటరీలో ఇంకా అరగంట ఉన్నా సరే, మీ డేటాబేస్ గొంతు పదో సెకనులో నొక్కేస్తుంది. యూపీఎస్‌కి పెట్టిన డబ్బంతా బూడిదలో పోసినట్టే. డేటాబేస్ ఉన్న కంటైనర్లకు ఆ గడువుని రెండు నిమిషాలకు పెంచండి.

వర్చువల్ మెషీన్లలో గెస్ట్ ఏజెంట్ అనే, హోస్ట్ మాట వినే చిన్న ప్రోగ్రాం వేయడం మరవకండి. అది లేకపోతే హోస్ట్ పవర్ బటన్ నొక్కినట్టు ఓ సంకేతం పంపి ఊరుకుంటుంది. ‘నిజంగా ఆపమంటారా?’ అని తెర మీద ప్రశ్న వేసి కూర్చునే సిస్టమ్‌లకు ఆ సంకేతం చాలదు.

ఎప్పుడు ఆపాలి: రెండు దారులు

ఒకటి, బ్యాటరీ అడుగంటేదాకా నడిపించడం. రెండోది, కరెంటు పోయి ఇన్ని నిమిషాలైతే బ్యాటరీ ఎంతున్నా ఆపేయడం. నట్ మామూలుగా చేసేది మొదటిదే. యూపీఎస్ నుంచి ‘బ్యాటరీ మీద ఉన్నాను’, ‘బ్యాటరీ తక్కువైంది’ అన్న రెండు కబుర్లూ కలిసి వచ్చినప్పుడే అది కదులుతుంది. వాటికి ఓబీ, ఎల్‌బీ అని పొట్టిపేర్లు. మామూలుగా కరెంటు ఉన్నప్పుడు కనిపించేది ఓఎల్.

నేను రెండో దారి మనిషిని. కరెంటు పోతే చాలాసార్లు కొన్ని సెకన్లలోనో, రెండు మూడు నిమిషాల్లోనో వచ్చేస్తుంది. అయిదు నిమిషాలు దాటిందంటే మాత్రం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అలాంటప్పుడు బ్యాటరీని చివరి బొట్టుదాకా పిండి మీరు సాధించేది ఓ పది నిమిషాల సర్వీసు. పోగొట్టుకునేది మాత్రం ఎక్కువ: లెడ్ యాసిడ్ బ్యాటరీ మళ్లీ నిండడానికి గంటలు పడుతుంది, ఈలోపు ఇంకోసారి కరెంటు పోతే చేతిలో ఏమీ ఉండదు. పూర్తిగా ఖాళీ చేసిన ప్రతిసారీ దాని ఆయుష్షు కూడా కొంత తరుగుతుంది.

నట్‌లో దీనికి అప్స్‌షెడ్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. బ్యాటరీ మీదికి వెళ్లగానే 300 సెకన్ల టైమర్ మొదలుపెట్టమని, కరెంటు వస్తే దాన్ని రద్దు చేయమని, టైమర్ పూర్తయితే షట్‌డౌన్‌కి పిలుపునివ్వమని అందులో రాసుకోవాలి. రద్దు చేసే లైను మరిచిపోయిన వాళ్లని చూశాను. రెండు సెకన్లు కరెంటు పోయొచ్చింది, అంతా సర్దుకుంది, అయిదో నిమిషంలో నిండు కరెంటు ఉండగా సర్వర్ ఆగిపోయింది.

టైమర్ పెట్టుకున్నా బ్యాటరీ తక్కువైన కబురు కూడా పని చేయాల్సిందే, పాత బ్యాటరీ అయిదు నిమిషాలు కూడా నిలవకపోవచ్చు కదా. చాలా యూపీఎస్‌లు ఆ కబురుని మరీ ఆలస్యంగా చెబుతాయి. మీ లెక్క 10 నిమిషాలైతే, మిగిలిన బ్యాకప్ 600 సెకన్లకు దిగగానే తక్కువైనట్టు చెప్పమని ఆ హద్దుని పైకి జరపాలి. యూపీఎస్ ఆ మార్పుని ఒప్పుకోకపోతే, దాని ఎల్‌బీ కబురుని పక్కనపెట్టి బ్యాటరీ శాతాన్నీ, మిగిలిన సెకన్లనీ తానే చూసుకోమని నట్ డ్రైవర్‌కి చెప్పే ఏర్పాటు ఉంది.

నట్ బదులు, ఏపీసీ కంపెనీ యూపీఎస్‌ల కోసం ఉన్న ఏపీసీ యూపీఎస్‌డీ అనే ప్రోగ్రాం వాడేవాళ్లకి పని ఇంకా తేలిక. ఒకే ఫైల్లో మూడు హద్దులుంటాయి: బ్యాటరీ 5 శాతానికి దిగినా, మిగిలింది 3 నిమిషాలే అయినా ఆపేస్తుంది. మూడోది టైమ్‌అవుట్, అంటే బ్యాటరీ మీద ఎంతసేపు గడిస్తే ఆపాలన్నది. అది మామూలుగా సున్నా, అంటే పని చేయదు. ఈ మూడిట్లో ఏది ముందొస్తే అదే లెక్క. ఆ 5, ఆ 3 చిన్న డెస్క్‌టాప్‌కి సరిపోతాయేమో గానీ పది వర్చువల్ మెషీన్లున్న సర్వర్‌కి చాలవు.

నట్ అమర్చడం

ప్యాకేజీ వేశాక ముట్టుకోవాల్సిన ఫైళ్లు అయిదు, అన్నీ ఒకే ఫోల్డర్లో ఉంటాయి.

1. నట్ డాట్ కాన్ఫ్‌లో మోడ్ చెప్పాలి. సర్వర్ ఒక్కటే అయితే స్టాండలోన్. ఒకే యూపీఎస్ మీద చాలా ఉంటే కేబుల్ ఉన్నదానికి నెట్‌సర్వర్, మిగతావాటికి నెట్‌క్లయింట్. మొదట్లో అక్కడ నన్ (ఏదీ కాదు) అని ఉంటుంది. దాన్ని మార్చకుండా ‘ఎందుకు నడవడం లేదు’ అని గంటలు వెతికినవాళ్లలో నేనూ ఒకణ్ని.

2. యూపీఎస్ డాట్ కాన్ఫ్‌లో యూపీఎస్‌కి ఓ పేరు, డ్రైవర్, పోర్టు రాయాలి. యూఎస్‌బీ మోడళ్లలో చాలావాటికి యూఎస్‌బీహిడ్-అప్స్ డ్రైవర్, పోర్టు దగ్గర ఆటో సరిపోతాయి.

3. అప్స్‌డీ డాట్ కాన్ఫ్‌లో, యూపీఎస్ కబుర్లు పంచే అప్స్‌డీ ప్రోగ్రాం ఏ అడ్రసు మీద వినాలో చెప్పాలి. పోర్టు నంబరు 3493. వేరే సర్వర్లు లేకపోతే లోకల్‌హోస్ట్ (అదే మెషీన్) మీదే ఉంచండి, నెట్‌వర్క్ అంతటికీ తెరవాల్సిన పనిలేదు.

4. అప్స్‌డీ డాట్ యూజర్స్‌లో ఓ యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టాలి.

5. అప్స్‌మాన్ డాట్ కాన్ఫ్ అసలైనది, యూపీఎస్‌ని గమనిస్తూ షట్‌డౌన్ చేయించే అప్స్‌మాన్ ప్రోగ్రాంకి. ఏ యూపీఎస్‌ని గమనించాలి, ఏ కమాండ్‌తో ఆపాలి, పవర్‌డౌన్ ఫ్లాగ్ అనే ఫైలు ఎక్కడ పెట్టాలి అన్నవి ఇందులో ఉంటాయి. కేబుల్ ఉన్న సర్వర్ ప్రైమరీ, మిగతావి సెకండరీ. 2.8కి ముందు వెర్షన్లలో వీటినే మాస్టర్, స్లేవ్ అనేవాళ్లు. పాత పాఠాలు చూసి చేస్తుంటే ఇది గుర్తుంచుకోండి.

అంతా పెట్టాక అప్స్‌సీ కమాండ్‌కి యూపీఎస్ పేరిచ్చి చూడండి. ఓ పెద్ద జాబితా వస్తుంది. అందులో స్టేటస్ ఓఎల్ అని ఉండాలి, బ్యాటరీ శాతం, మిగిలిన సెకన్లు, లోడు శాతం నమ్మేలా ఉండాలి. గోడ దగ్గర స్విచ్ ఆపి పదిహేను సెకన్లాగి మళ్లీ చూడండి. ఓబీకి మారితే యూపీఎస్‌కి మాటలొచ్చినట్టే.

ఓ చిన్న సంగతి: బ్యాటరీ మీద ఉండగా యూఎస్‌బీ కేబుల్ ఊడిపోతే నట్ మంచిని ఊహించుకోదు. బ్యాటరీ అయిపోయినట్టే లెక్కేసి షట్‌డౌన్‌కి దిగుతుంది. అందుకని కేబుల్‌ని ఓ ట్యాగ్‌తో బిగించి కట్టండి.

ఒకే యూపీఎస్ మీద నాలుగు సర్వర్లుంటే

సమయం వచ్చినప్పుడు ప్రైమరీ ‘అందరూ ఆగండి’ అని ప్రకటిస్తుంది. సెకండరీలు అది విని షట్‌డౌన్ మొదలుపెట్టి, ప్రైమరీతో కనెక్షన్ తెంచుకుంటాయి. ప్రైమరీ వాటికోసం హోస్ట్‌సింక్‌లో రాసినంతసేపు, మామూలుగా 15 సెకన్లు, ఎదురుచూసి తర్వాత తన పని మొదలుపెడుతుంది.

ఇక్కడో మెలిక ఉంది, మాన్యువల్‌ని నెమ్మదిగా చదివితే తప్ప దొరకదు. సెకండరీ కనెక్షన్ తెంచుకోవడం అంటే అది ఆగిపోయిందని కాదు, ఆగడం మొదలుపెట్టిందని. దాని వర్చువల్ మెషీన్లు ఇంకా డిస్కులకి రాస్తూనే ఉండొచ్చు. ఆ డిస్కులు ప్రైమరీలోనే ఉన్నాయనుకోండి, కూర్చున్న కొమ్మనే నరికినట్టవుతుంది. హోస్ట్‌సింక్‌ని ఎంత పెంచినా లాభం లేదు, సెకండరీలన్నీ కనెక్షన్ తెంచుకోగానే ఆ ఎదురుచూపు ముగిసిపోతుంది. పెంచాల్సింది ప్రైమరీలోని ఫైనల్‌డిలే, అంటే తాను ఆగేముందు వేచి ఉండే సమయం. మామూలుగా 5 సెకన్లుండే దాన్ని, మీ సెకండరీలు పూర్తిగా ఆగడానికి కొలిచిన సమయానికి పైన ఓ అర నిమిషం వేసి పెట్టండి. 240 సెకన్లంటే 240. ఆ సమయం కూడా బ్యాటరీ మీద గడవాల్సిందే కాబట్టి ఇందాకటి 10 నిమిషాల లెక్కలో దాన్ని కలుపుకోండి.

స్టోరేజ్ అన్నిటికన్నా చివర ఆగాలి, అన్నిటికన్నా ముందు లేవాలి. అందుకే యూఎస్‌బీ కేబుల్‌ని స్టోరేజ్ సర్వర్‌కే తగిలించి దాన్నే ప్రైమరీ చేయడం నాకు నచ్చిన పద్ధతి.

ఆగాక యూపీఎస్ తన అవుట్‌పుట్ ఆపేయాలి

నా మొదటి రాత్రి కథకి మందు ఇదే. సర్వర్ ఆగే ఆఖరి క్షణంలో యూపీఎస్‌కి ఓ మాట చెప్పి పోవాలి: ‘ఇంకో 20 సెకన్లకు నీ సాకెట్లలో కరెంటు ఆపేయ్. బయట కరెంటు ఉంటే, లేదా వచ్చినప్పుడు, మళ్లీ ఇయ్.’ అప్పుడు సర్వర్‌కి కరెంటు నిజంగానే పోయి, నిజంగానే వస్తుంది. మధ్యలో కరెంటు తిరిగొచ్చినా సరే, ఒకసారి మొదలైన ఈ వరస ఆగకూడదు. నట్ ఆపదు కూడా.

ఇది నడిచే తీరు చూడండి. షట్‌డౌన్ మొదలయ్యేటప్పుడు అప్స్‌మాన్ ఆ పవర్‌డౌన్ ఫ్లాగ్ ఫైలుని సృష్టిస్తుంది. సిస్టమ్‌డీ అన్నిటినీ ఆపి, డిస్కులు వదిలాక, సిస్టమ్-షట్‌డౌన్ ఫోల్డర్లో ఉన్న నట్‌షట్‌డౌన్ అనే చిన్న స్క్రిప్టు ఆ ఫైలు ఉందా అని చూస్తుంది. ఉంటే డ్రైవర్ ద్వారా యూపీఎస్‌కి ఆ కబురు పంపుతుంది. ప్యాకేజీతోపాటే ఆ స్క్రిప్టు వస్తుంది, అయినా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఫ్లాగ్ ఫైలు రూట్ పార్టిషన్ (లైనక్స్ ఉండే ప్రధాన భాగం) మీదే ఉండాలి. వేరే పార్టిషన్ మీద పెడితే ఆ వేళకి అది కనబడదు, స్క్రిప్టు ఏమీ చేయకుండా వెళ్లిపోతుంది.

యూఎస్‌బీహిడ్-అప్స్ డ్రైవర్‌లో ఆఫ్‌డిలే (సాకెట్లు ఆపేముందు ఆగే సమయం) 20 సెకన్లు, ఆన్‌డిలే (మళ్లీ ఇచ్చేముందు ఆగేది) 30 సెకన్లు ముందే ఉంటాయి. ఆన్‌డిలే ఎప్పుడూ ఆఫ్‌డిలే కన్నా ఎక్కువ ఉండాలి. కొన్ని మోడళ్లు సెకన్లని పట్టించుకోకుండా నిమిషాలకి కుదించేస్తాయి, 20 అంటే సున్నా అనుకుని వెంటనే ఆపేస్తాయి. అలాంటివాటికి 60, 120 ఇవ్వండి.

వీలైతే ఇంకొకటి కూడా పెట్టుకోండి. కరెంటు రాగానే కాకుండా, బ్యాటరీ కనీసం 30 లేదా 40 శాతం నిండాకే సాకెట్లకు కరెంటివ్వమని కొన్ని యూపీఎస్‌లకు చెప్పొచ్చు. నట్ జాబితాలో బ్యాటరీ చార్జ్ రీస్టార్ట్ అన్న పేరు కనిపిస్తే మీదానికి ఆ వీలుంది. కరెంటు వచ్చి, పోయి, మళ్లీ వచ్చే రోజుల్లో ఖాళీ బ్యాటరీతో సర్వర్ లేచి, డిస్కులు చెక్ చేసుకుంటూ ఉండగానే మళ్లీ కూలిపోకుండా కాపాడేది ఇదే.

రెండు పవర్ సప్లైలున్న సర్వర్ల దగ్గర ఓ చిక్కు. ఒకటి యూపీఎస్‌కి, రెండోది నేరుగా గోడ సాకెట్‌కి పెట్టడం చాలాచోట్ల అలవాటు. మధ్యలో కరెంటు తిరిగొస్తే యూపీఎస్ తన అవుట్‌పుట్‌ని ఆపి ఇచ్చినా, రెండో సప్లై ద్వారా కరెంటు అందుతూనే ఉంటుంది. సర్వర్ మళ్లీ ‘నాకు కరెంటు పోలేదుగా’ అనుకుని పడుకునే ఉంటుంది. అలాంటి సర్వర్లని లేపడానికి వేరే దారి కావాలి, అది కింద చెబుతాను.

బయోస్‌లో ఒక్క సెట్టింగ్

సర్వర్ బయోస్‌లో, అంటే ఆన్ కాగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాంలో, కరెంటు తిరిగొస్తే ఏం చేయాలన్న సెట్టింగ్ ఉంటుంది. రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనో, ఏసీ బ్యాక్ అనో, ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్ అనో పేర్లు మారతాయి. దాని కింద సాధారణంగా మూడు ఎంపికలు: ఆన్, ఆఫ్, లాస్ట్ స్టేట్. లాస్ట్ స్టేట్ వినడానికి తెలివైనదిలా ఉంటుంది, అందుకే చాలామంది అదే పెడతారు. కానీ ఆలోచించండి. మన సర్వర్ కరెంటు పోయేముందే పద్ధతిగా షట్‌డౌన్ అయింది. దాని ఆఖరి స్థితి ఆఫ్. కరెంటు రాగానే అది ఆ ఆఫ్‌నే నిలబెట్టుకుంటుంది! ఇక్కడ ఆన్ పెట్టాలి, ఇంకేదీ కాదు. ఐపీఎంఐ (సర్వర్‌ని దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే ఏర్పాటు) ఉన్న సర్వర్లలో ఇదే మార్పుని బయోస్‌లోకి వెళ్లకుండా ఛాసిస్ పాలసీని ఆల్వేస్ ఆన్ చేసి తెచ్చుకోవచ్చు.

పాత మదర్‌బోర్డులయితే కీబోర్డు లేదని ఆగిపోయే సెట్టింగ్ కూడా ఉంటుంది. దాన్ని తీసేయండి.

ఇప్పుడో ముళ్లకంప. ఇవన్నీ చక్కగా పెట్టిన ఓ సర్వర్ రెండేళ్ల తర్వాత ఉన్నట్టుండి లేవడం మానేసింది. తెర తగిలించి చూస్తే బయోస్ తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తోంది, మనం పెట్టిన సెట్టింగులన్నీ మాయం. మదర్‌బోర్డు మీదుండే సీఆర్2032 నాణెం బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అన్నాళ్లూ యూపీఎస్ కరెంటు ఆగనివ్వలేదు కాబట్టి ఆ సంగతి బయటపడలేదు. అవుట్‌పుట్ నిజంగా ఆగిన మొదటి రోజే బయోస్ అంతా మరిచిపోయి మొదటి స్థితికి వెళ్లింది, అందులో ఆ సెట్టింగ్ ఆఫ్. అప్పటినుంచి యూపీఎస్ బ్యాటరీ మార్చిన రోజే ఆ నాణెం బ్యాటరీ కూడా మార్చేస్తున్నాను.

లేచాక వరస

అన్నీ ఒకేసారి లేస్తే యూపీఎస్ మీద ఒక్కసారిగా లోడు పడుతుంది, స్టోరేజ్ రాకముందే డేటాబేస్ లేచి గోల పెడుతుంది. బయోస్‌లో పవర్ ఆన్ డిలే ఉంటే స్టోరేజ్‌కి సున్నా, మిగతావాటికి 120 సెకన్లు పెట్టండి. లేకపోతే ఇంకా మంచి పద్ధతి ఉంది: మిగతా సర్వర్ల బయోస్‌లో మాత్రం పైన చెప్పిన ఆన్ బదులు ఆఫ్ పెట్టి, వాటిని స్టోరేజే లేపేలా చేయడం. స్టోరేజ్ పూర్తిగా లేచాక ఓ చిన్న స్క్రిప్టు, యూపీఎస్ ఓఎల్‌లో ఉందా, బ్యాటరీ 40 శాతం దాటిందా అని చూసి, అప్పుడు మిగతావాటికి, నెట్‌వర్క్ మీదుగా మెషీన్‌ని లేపే వేక్ ఆన్ ల్యాన్ ప్యాకెట్టో, ఐపీఎంఐ ఆదేశమో పంపాలి. రెండు పవర్ సప్లైల చిక్కుకి మందు కూడా ఇదే. అయితే కరెంటు పూర్తిగా పోయొచ్చాక కొన్ని నెట్‌వర్క్ కార్డులు వేక్ ఆన్ ల్యాన్‌ని పట్టించుకోవు, బయోస్‌లో ఈఆర్‌పీ అనే పొదుపు సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా అంతే. ఐపీఎంఐ ఉంటే దాన్నే నమ్ముకోండి.

డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే బూట్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. దాన్ని ఎక్కడినుంచో టైప్ చేసే ఏర్పాటు ముందే చూసుకోకపోతే ఇంతసేపూ చేసిందంతా అక్కడ ఆగుతుంది. అలాగే ఏ డిస్కులు తగిలించుకోవాలో రాసుండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో యూఎస్‌బీ డిస్కులాంటివి ఉంటే వాటికి నోఫెయిల్ అనే మాట తగిలించండి. లేకపోతే ఆ ఒక్క డిస్కు దొరకలేదని లైనక్స్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయి కూర్చుంటుంది.

పరీక్ష: ముందు బల్బుతో

నేరుగా నడుస్తున్న సర్వర్ మీద ప్రయోగం చేయకండి. సర్వర్ పవర్ కేబుల్‌ని తాత్కాలికంగా గోడ సాకెట్‌కి మార్చి, యూపీఎస్‌కి ఓ టేబుల్ ల్యాంపు తగిలించండి. యూఎస్‌బీ కేబుల్ మాత్రం సర్వర్‌కే ఉండాలి. ఇప్పుడు అప్స్‌మాన్‌కి మైనస్ సీ, ఎఫ్‌ఎస్‌డీ అని ఆదేశమివ్వండి. బ్యాటరీ అయిపోయిన రోజున జరిగేదంతా అప్పటికప్పుడు జరిగిపోతుంది. సర్వర్ ఆగుతుంది, ఓ ఇరవై సెకన్లకి యూపీఎస్‌లోంచి టక్‌మని రిలే చప్పుడు వస్తుంది, ల్యాంపు ఆరిపోతుంది. బయట కరెంటు ఉంది కాబట్టి కాసేపటికి ఇంకో టక్, ల్యాంపు వెలుగుతుంది. ఆ రెండు టక్‌లూ వినబడ్డాయా, పనిలో చాలావరకు అయిపోయింది. ల్యాంపు ఆరకపోతే స్క్రిప్టు నడవలేదు. ఆరి మళ్లీ వెలగకపోతే, కరెంటు ఉండగా తిరిగి ఆన్ కావడం మీ మోడల్‌కి చేతకాలేదు. డిలేలు మార్చి మళ్లీ చూడండి.

తర్వాత సర్వర్‌ని యూపీఎస్‌కే పెట్టి రెండు పరీక్షలు చేయాలి. కరెంటు ఆపి, షట్‌డౌన్ పూర్తయ్యేదాకా ఆపే ఉంచి, పావుగంట తర్వాత ఇవ్వడం ఒకటి. షట్‌డౌన్ సగంలో ఉండగానే కరెంటు ఇచ్చేయడం రెండోది. మొదటిదే చేసి రెండోది వదిలేస్తే నా మొదటి రాత్రే మీకూ వస్తుంది. కరెంటు ఆపేటప్పుడు ప్లగ్ పీకకండి, గోడ స్విచ్‌నో ఎంసీబీనో ఆపండి. ప్లగ్ పీకితే ఎర్తు కూడా తెగిపోతుంది.

తర్వాత్తర్వాత

యూపీఎస్‌లలో వాడే సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు వస్తాయి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది, కాబట్టి సర్వర్ల వేడి గాలి వచ్చే వెనకవైపున యూపీఎస్‌ని పెట్టకండి. జాబితాలో ఆర్‌బీ అని కనబడితే బ్యాటరీ మార్చమని అర్థం, ఆ కబురు మీ ఫోన్‌కో మెయిల్‌కో చేరేలా చూసుకోండి. రెండు బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటే రెండూ ఒకేసారి మార్చాలి. ఉబ్బిన బ్యాటరీ ట్రేలో ఇరుక్కుపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, ట్రే మూతని విప్పి నెమ్మదిగా తీయండి.

కొత్త సర్వరో, కొత్త డిస్కులో చేర్చిన ప్రతిసారీ ఆగే సమయం మళ్లీ కొలవండి. నేను యూపీఎస్ పక్కన ఓ చీటీ అంటిస్తాను. దాని మీద మూడే అంకెలు: కొలిచిన బ్యాకప్, కొలిచిన షట్‌డౌన్ సమయం, బ్యాటరీ మార్చిన తేదీ. మొదటి అంకె రెండోదానికి రెట్టింపు కన్నా తక్కువకి దిగిన రోజున కొత్త బ్యాటరీకి ఆర్డర్ పెట్టేస్తాను.